చేదు తినే నెలలు

ఉగాదికి ముందు వారం రోజులు మా ధన్నూర యింట్లో వేపచెట్టు కింద ఎవరూ చెప్పులతో నడవరాదు. అది మా అవ్వ పెట్టిన నియమం. చీకటితోనే లేచి చెట్టు కింద పాత చీరె పరచి, రాలిన పువ్వు పట్టి, చాటలో చెరిగి నీడన ఆరబెట్టేది. ఆమె పోయి ఇరవై యేండ్లు దాటినవి. నియమం మాత్రం పోలేదు.

ధన్నూర బీదరు జిల్లాలోని పల్లె. మా పెద్దలు నిజాం ఏలుబడిలో ఇక్కడికి చేరినారు. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషలవారీగా విడదీసినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రంలోకి పోయినది. మేము కదలకుండానే కన్నడ రాష్ట్రంవారమైనాము. యింట్లో తెలుగు, బజారులో కన్నడం, బాపు తన జతగాండ్లతో ఉర్దూ, సంతలో కొంత మరాఠీ. మా ఉగాది పచ్చడి కూడా అట్లాంటిదే. కొత్త కుండలో చింతపండు పులుసు, బెల్లం, పుట్నాలపప్పు పిండి, వేపపువ్వు కలిపి పలుచగా చేసుకొని గ్లాసులతో తాగుతాము. దాని పేరు కూడా ఇక్కడివారిదే, బేవు.

ఈ వ్యాసంలో "మేము" అంటే ఆ యింటి కొడుకూ కోడలూ. చెప్పబోయే సంగతిలో తప్పు ఇద్దరిదీ కనుక ఒకరి పేరున రాయడం న్యాయం కాదు.

అవ్వకు కాలేయం అనే మాట తెలియదు. కార్జం అనేది. పైత్యమంతా కార్జంలోనే గూడు కట్టుకుంటుందని ఆమె నమ్మకం. అందుచేత సంవత్సరం పొడుగునా దానికొక లెక్క వుండేది. చైత్రంలో వేపపువ్వు. ఎండలు ముదిరితే మజ్జిగ తప్ప మరొకటి లేదు. దసరా దాటగానే పిల్లలందరినీ అరుగుమీద వరుసగా కూర్చోబెట్టి ఆముదం పోసేది, ముక్కులు మూసి మరీ. ఆ నెలంతా కాకరకాయ, మెంతికూర. పుంటికూర మీద మాకెంత ఆశ వున్నా, పులుపు అప్పుడు తగదనేది. పుష్యం ముందర వచ్చే ఎళ్ళ అమావాస్యకు చేలోకి పోయి జొన్నరొట్టెలూ, అన్ని కాయలూ ఆకులూ వేసి వండిన భజ్జీ, అంబలీ తినడంతో ఆ సంవత్సరపు లెక్క ముగిసేది. "మింగుర్రి, సాలు పొడుగునా నోరు తియ్యగుంటది" అనేది చేదు పోసేటప్పుడు. చేదుకూ తీపికీ గల ఆ సంబంధం మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆమె చదువుకున్నది కాదు. కాని వాగ్భటుని అష్టాంగహృదయంలో ఋతుచర్య అనే అధ్యాయమొకటి వున్నది. అందులో చెప్పినదీ ఇంచుమించు ఇదే. వసంతంలో కఫం కరిగి బాధిస్తుంది, వానలు వెనుకబడి ఎండ కాసే శరత్తులో పిత్తం ప్రకోపిస్తుంది, అప్పుడు చేదు నేయీ విరేచనమూ మంచివి, అని. ఆ పుస్తకం మా యింటికి ఏ దారిన వచ్చి ఆముదపు సీసాగా మారినదో ఎవరు చెప్పగలరు?

ఇక పసిరికల సంగతి. 1986 వానకాలంలో మా తమ్మునికి వచ్చినవి. అప్పటికి వాడికి పదకొండేండ్లు. కోడలు ఇంకా ఈ యింటికి రాలేదు, కొడుకు కండ్లార చూసినది ఇది. కండ్లు పసుపు ముద్దలైనవి, అన్నం చూస్తే వాంతి. పక్కవూరిలో పసరు పోసే ఆయన వుండేవాడు. నేల ఉసిరి వేళ్ళతో సహా నూరి మజ్జిగలో కలిపి, మూడు ఆదివారాలు పరగడుపున పోసినాడు. ఉప్పు మాన్పించినాడు. మూడో వారానికి తమ్ముడు లేచి గోలీలాడినాడు. ఆ తరువాత మా యింట్లో నేల ఉసిరికి తులసికున్నంత మర్యాద.

తమ్ముడు బాగుపడినమాట నిజం. అయితే పిల్లలకు వానకాలంలో వచ్చే ఆ జబ్బు చాలామట్టుకు కలుషితమైన నీటివల్ల, తిండివల్ల వచ్చే హెపటైటిస్ ఎ అనీ, పిల్లల్లో అది చాలావరకు కొన్ని వారాల్లో తనంత తానే తగ్గుతుందనీ మాకు చాలా యేండ్ల తరువాత తెలిసినది. ఆ యేడు మా బావిలో వాననీరు చేరినది. ఊళ్ళో మరి నలుగురు పిల్లలకు అదే జబ్బు వచ్చినది. పసరు తాగనివారు కూడా లేచి తిరిగినారు. వారిని ఎవరూ లెక్క పెట్టలేదు, అంతే. ఊరి బావి సంగతి అట్లా వుండగా, రాజధానికి కూడా ఇదే గతి పట్టినది. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో ఢిల్లీలో మురుగునీరు యమున మీది నీటి సరఫరాలో కలిసి దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. గర్భిణీ స్త్రీల ప్రాణాలు ఎక్కువగా పోయినవి. దాచివుంచిన రక్తపు నమూనాలను తరువాత పరీక్షించి, అది హెపటైటిస్ ఇ అని తేల్చినారు. శరత్తులో పైత్యం పెరుగుతుందన్న మాటలో, వానల తరువాత నీళ్ళు చెడతాయన్న అనుభవం కూడా కొంత కలిసి వుండవచ్చునని మా అనుమానం. అవ్వ ఆముదం పోసినది గాని, నీళ్ళు కాచి పోయలేదు.

నేల ఉసిరి గురించి ఒక మాట. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరసును కనిపెట్టి 1976లో నోబెల్ బహుమానం పొందిన బ్లూంబర్గుతో కలిసి, ఆ వైరసు ఒంట్లో నిలిచిపోయినవారికి ఈ మొక్క ఇచ్చి చూసినారు. సగానికి పైగా మనుషుల్లో గుర్తు పోయినదని లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. మా బాపు ఆ వార్త కత్తిరించి గోడకు అంటించినాడు. తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. ఆ వార్త మాత్రం ఎవరూ కత్తిరించి తెచ్చి ఇయ్యలేదు.

ఇక మా తప్పు. 2020 వేసవిలో కరోనా భయం. తలుపులు మూసుకొని కూర్చున్న రోజులు. కషాయాలు తాగితే రోగం దగ్గరకు రాదని ఎటు చూసినా ఒకటే మాట. మా పెరటి వేపకు తిప్పతీగ అల్లుకొని వున్నది. ఇక్కడ అమృతబళ్ళి అంటారు. వేపమీద పాకిన తీగకు గుణమెక్కువని పెద్దల మాట. ఇంకేమి కావాలె? రోజూ జానెడు కాడ కొట్టి, దంచి, మిరియాలు వేసి, నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాక కాచి బాపుకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోసినాము. డెబ్బైరెండేండ్ల మనిషి, పదేండ్లుగా చక్కెర వ్యాధి, థైరాయిడు. ఆయనను కాపాడుకోవాలనే ఆరాటమే తప్ప మరొకటి లేదు.

దసరా నాటికి బాపుకు ఆకలి చచ్చిపోయినది. ఒళ్ళంతా దురద. మూత్రం చిక్కని టీ రంగు. కండ్లు చూస్తే తమ్ముని కండ్లే గుర్తుకు వచ్చినవి. మేము చేసినదేమిటో ఇప్పుడు రాయడానికి చెయ్యి వెనుకాడుతున్నది. పైత్యం చేసిందనుకొని కషాయం రెండింతలు చేసినాము. దానికి తోడు నేల ఉసిరి. ఇట్లా ఎనిమిది రోజులు.

తొమ్మిదో నాడు బాపు మాట తడబడి, నిద్రమత్తుగా పడివుంటే బీదరు తీసుకపోయినాము. అక్కడి డాక్టరు ఏమేమి మందులు వాడుతున్నారని అడిగినారు. చక్కెర బిళ్ళ, థైరాయిడు బిళ్ళ, మరేమీ లేదన్నాము. రెండోసారి అడిగినారు. మందులేమీ లేవండి, కషాయం తప్ప, అన్నాము. ఆయన కలం కింద పెట్టి మా ముఖాలు చూసినారు. బిలిరుబిన్ ఒకటి లోపల వుండవలసినది, పద్నాలుగు. హైదరాబాదు పంపించినారు. అక్కడ కాలేయంలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, తిప్పతీగ రేపిన మంట అని తేల్చినారు. కషాయం ఆపి, స్టిరాయిడు మందులు నడిపినారు. సంక్రాంతి దాటిన తరువాత గాని బాపు ముఖానికి రంగు రాలేదు.

మాది ఒక్క యిల్లే కాదని తరువాత తెలిసినది. 2021లో బొంబాయి వైద్యులు ఇట్లాంటి రోగులను ఆరుగురిని ప్రకటించినారు. 2022లో దేశంలోని పదమూడు ఆస్పత్రులవారు కలిసి 43 మందిని లెక్కకట్టినారు. తన ఒంటిమీద తానే తిరగబడే రోగాలు, థైరాయిడు వంటివి వున్నవారికి ప్రమాదమెక్కువ అన్నారు. కేంద్ర ఆయుష్ శాఖవారు ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన వేరే తీగ వాడి వుంటారనీ వారి వాదం. మా పెరట్లోది ఏ తీగో మేము శాస్త్రజ్ఞులచేత నిర్ణయం చేయించలేదు. పోసినది మేము. అది చాలును.

బాపు కోలుకున్న తరువాత ఒక్కసారే ఆ మాట ఎత్తినాడు. "రోజుకు రెండు గ్లాసులు పోసిన్రు గదా, ఎవలన్న అడిగిన్రా, నాకెట్ల వున్నదో?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

2023 ఉగాదికి సింగపూరులో వుంటున్న మా మేనకోడలు వచ్చినది. తాతకని ఒక పొట్లంలో ఎండిన చామంతిపూలూ, ఒక పొట్లంలో ఎర్రని గోజీ పండ్లూ తెచ్చినది. ఆమె పొరుగున వుండే చీనా ముసలమ్మ వసంతకాలం వస్తే ఈ రెండూ వేడినీళ్ళలో వేసుకొని తాగుతుందట, కాలేయానికి చల్లదనమనీ కండ్లకు మంచిదనీ. బాపు పొట్లం వాసన చూసి పక్కన పెట్టినాడు. "మనవాళ్ళ కషాయం అయిపోయింది, ఇగ చీనావాళ్ళదా?" అన్నాడు. కాని ఆయనకు చీనా వైద్యమంటే చిన్నప్పటినుంచీ ఒక గౌరవం వున్నది, దానికి కారణం సోలాపూరు. అక్కడి పద్మశాలీ పేటల్లో మా చుట్టాలున్నారు. 1938లో చీనాకు పోయి సైనికులకు శస్త్రచికిత్సలు చేసి 1942లో అక్కడనే చనిపోయిన డాక్టరు కోట్నీస్ ఆ వూరివాడు. నిజానికి కోట్నీస్ అక్కడ చేసినది మన డాక్టర్ల వైద్యమే. చీనా సూదివైద్యాన్ని మన దేశానికి తెచ్చినది ఆయనతోపాటు పోయిన కలకత్తా డాక్టరు బసు. బాపు ఈ ఇద్దరినీ కలిపి ఒకరిని చేసి చెప్తాడు. దిద్దినా వినడు.

మేనకోడలు చెప్పిన సంగతులు మాకు విచిత్రంగా తోచినవి. మనకు కార్జం శరత్తుది. చీనావారికి వసంతానిది. చెట్టు చిగిర్చినట్లు కాలేయం అప్పుడు పైకి పొంగుతుందట. దాని మూలకం కొయ్య, రంగు పచ్చ, రుచి పులుపు, వాకిలి కండ్లు, శత్రువు కోపం. రెండు వేల యేండ్ల నాటి పసుపు చక్రవర్తి వైద్యగ్రంథంలో, వసంతంలో కొంచెం ఆలస్యంగా పడుకొని పెందలకడ లేచి, జుట్టు వదులు చేసుకొని వాకిట్లో నడవాలనీ, అట్లా నడవకపోతే కాలేయానికి చెరుపనీ వున్నదట. చీకటితో లేచి చెట్టు కింద చీరె పరచిన అవ్వ మాకు కండ్లముందు మెదిలినది. ఏడో శతాబ్దపు సున్ సిమియావో అనే వైద్యుడు వసంతంలో పులుపు తగ్గించి తీపి పెంచమన్నాడట. ఆయన మా యింటికి వస్తే కుండలోంచి చింతపండు తీసేసి బెల్లం ఇంకొంచెం వేయించేవాడు కాబోలు. పిల్లలు సంతోషించేవారు.

అయితే వారు కాలేయమన్నది డొక్క కింద వున్న ఈ అవయవమొక్కటే కాదు, నెత్తురునూ ఉద్రేకాలనూ నడిపే ఒక కార్యమంతా అని ఆ పిల్ల అన్నది. మన పైత్యం కూడా పరీక్షలో కనిపించే బిలిరుబిన్ కాదు గదా. ఇంకొక మాట కూడా చెప్పినది. వారి వద్ద హే షౌ వూ అనే వేరు వున్నది. కాలేయానికీ మూత్రపిండాలకూ బలమనీ, తెల్లజుట్టు నల్లబడుతుందనీ తరతరాలుగా వాడతారు. అది తిని కాలేయం దెబ్బతిన్నవారు ఎందరో వున్నారు. అది విని మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

ఇప్పుడు మా యింటి లెక్క కొంత మారినది. బేవు వున్నది, ఒక్క గ్లాసు, ఒక్క ఉగాదినాడు. కాకర వున్నది, మెంతి వున్నది. ఎళ్ళ అమావాస్య భజ్జీ వున్నది. పెరుగు పొట్టకూ చక్కెరకూ కాలేయంలో కొవ్వు పడుతుందని డాక్టరు చెప్పినందున రాత్రి రొట్టెలు రెండే, తరువాత వీధి చివరిదాక నడక. వానలు పడినప్పటినుంచి నీళ్ళు కాచి చల్లార్చి తాగుతాము. ఆముదపు సీసా అటక ఎక్కినది. ఆశ్వయుజంలో బాపు బీదరు పోయి రక్తం పరీక్ష చేయించుకుంటాడు. పోయిన యేడు బిలిరుబిన్ 0.8. ఆ కాగితం పంచాంగంలో పెట్టుకున్నాడు. చామంతిపూలు మాత్రం మేనకోడలు మనసు నొచ్చకుండా ఒకనాడు వేడినీళ్ళలో వేసుకున్నాము. వాసన బాగున్నది.

తిప్పతీగను నరికేద్దామా అని ఒకనాడు బాపును అడిగినాము. "వుండనియ్యి, చెట్టుకేం జేసింది అది" అన్నాడు. వున్నది. మొన్న పక్కింటి ఆమె వచ్చి, అత్తకు ఒంట్లో బాగుండటం లేదు, జానెడు కాడ ఇయ్యమన్నది. పరీక్ష చేయించినారా అని అడిగినాము. కషాయానికి పరీక్ష యెందుకక్కా, అని నవ్వి తెంపుకొని పోయినది. దీపాలు పెట్టే వేళకు బాపు చేతికర్ర తీసుకొని, పంచాంగంలోని కాగితం జేబులో వేసుకొని వారి యింటివైపు బయలుదేరినాడు. వెనుక మేమూ పోయినాము.