నాటి మేటి ప్రాసెసర్

2011 జనవరిలో ఇంటెల్ విడుదల చేసిన కోర్ ఐ7-2600కె ఆనాడు చాలామందికి అందని వస్తువు. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 3.4 గిగాహెర్ట్జ్ వేగం. ఓపిక ఉన్నవాళ్లు ఓవర్‌క్లాకింగ్‌తో ఆ వేగాన్ని ఇంకా పైకి తోసేవారు. ఇప్పుడదే చిప్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది. కుర్రతనంలో కొనలేకపోయినదాన్ని నడివయసులో కొనుక్కోవడంలో ఒక తృప్తి ఉంది. అది లెక్కలకు అందేది కాదు.

లెక్కలకు అందేవి వేరే ఉన్నాయి. ప్రాసెసర్ ఒక్కటే కంప్యూటర్ కాదు. దానికి 1155 సాకెట్ మదర్‌బోర్డు కావాలి, డీడీఆర్3 మెమరీ కావాలి. చిప్ సాధారణంగా చెడిపోదు. ముందుగా అలసిపోయేది బోర్డే, దాని మీది కెపాసిటర్లే. పాత ఇల్లు కొన్నాక తొలి వానకు పైకప్పు సంగతి తెలిసినట్టు, బోర్డు మార్చే ఖర్చు తర్వాతెప్పుడో బయటపడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సంగతీ చూడాలి. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ చిప్‌కు చోటు లేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్ మాత్రం ఇంకా ఆదరంగానే చూస్తుంది.

పోలికకు కొత్తదాన్ని చూద్దాం. 2022లో వచ్చిన కోర్ ఐ3-12100 ఇంటెల్ కోర్ వరుసలో కింది మెట్టుది. దానికీ నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లే. అయినా ఒక్కో కోరు పనితనంలో పాత మేటిని చాలా వెనక వదిలేస్తుంది. వాట్ల రేటింగ్ కూడా 95 నుంచి 60కి దిగింది.

బోర్డు, మెమరీ ఇంట్లోనే ఉంటే పాత చిప్ కొనడం తెలివైన పనే. అన్నీ వెతికి కొనాల్సి వస్తే, నిదానంగా ఆలోచిస్తే, కొత్తదే మేలు.