లాన్ హా నీళ్ల మీద ఒక పగలు

వియత్నాం వాళ్ల రెండు లక్షల డాంగ్‌ల నోటు వెనకవైపు, నీళ్లలోంచి నిటారుగా లేచిన రాతిగుట్ట బొమ్మ ఉంటుంది. అది హాలాంగ్ అఖాతంలోని గుట్ట. అలాంటి నోట్లు మూడు ఇచ్చాను. మన లెక్కలో సుమారు రెండు వేల రూపాయలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవ ప్రయాణం, మధ్యాహ్న భోజనం, కయాక్ అన్నీ అందులోనే.

రాత్రి బస ఉండే పెద్ద నౌకలు నా సంచికి అందేవి కావు. అందుకే హాలాంగ్ నగరానికి వెళ్లకుండా కాట్ బా దీవిలో దిగాను. అక్కడి బెన్ బెయో రేవు నుంచి చిన్న పడవలు లాన్ హా అఖాతంలోకి వెళ్తాయి. లాన్ హా, హాలాంగ్ ఆనుకునే ఉంటాయి. ఒకటే నీళ్లు, ఒకటే రాయి. పాలనాపరంగా మాత్రం లాన్ హా హైఫాంగ్ నగరం కిందికి వస్తుంది, హాలాంగ్ క్వాంగ్ నిన్ ప్రావిన్సు కిందికి. హాలాంగ్‌ను 1994లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన యునెస్కో, 2023లో కాట్ బా దీవులనూ అందులో కలిపింది.

రేవు దాటగానే కాయ్ బెయో అనే తేలే పల్లె. ప్లాస్టిక్ పీపాల మీద కట్టిన చెక్క ఇళ్లు, ఇళ్ల చుట్టూ చేపలు పెంచే వలల గూళ్లు, పలకల మీద పరుగెత్తే కుక్కలు. ఇక్కడి తీరంలో తవ్వితే వేల ఏళ్ల కిందటి మనుషుల పనిముట్లు బయటపడ్డాయి. అప్పటి నుంచీ ఈ నీళ్లు ఎవరో ఒకరికి అన్నం పెడుతూనే ఉన్నాయన్నమాట. "2024లో యాగి తుఫాను వచ్చినప్పుడు ఇళ్లూ గూళ్లూ ఎన్నో కొట్టుకుపోయాయండీ. మళ్లీ కట్టుకున్నారు" అంది మా గైడు అమ్మాయి. హాలాంగ్ వైపు ఇలాంటి పల్లెల జనాన్ని ప్రభుత్వం 2014లో నేల మీదికి తరలించింది. బడి, వైద్యం, నీటి శుభ్రత కోసమన్నారు. ఆ కారణాలను కాదనలేను. కానీ మనుషులున్న నీళ్లకూ, చూడ్డానికి మాత్రమే మిగిలిన నీళ్లకూ తేడా నాకు ఇక్కడే తెలిసింది.

ఈ గుట్టలన్నీ సున్నపురాయి. మన బొర్రా గుహలను తొలిచింది ఏ నీరో, వీటినీ అదే నీరు కోట్ల ఏళ్లుగా కరిగిస్తూ వచ్చింది. ఆ తర్వాత మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగి లోయలు మునిగాయి, శిఖరాలు దీవులయ్యాయి. నీటి అంచున ప్రతి గుట్టకూ లోపలికి కోసుకుపోయిన గాడి ఉంది. పోటుకు మునుగుతుంది, ఆటుకు బయటపడుతుంది. ఇన్ని గుట్టలు అడ్డం ఉండటంతో అలలు లోపలికి రావు.

సాంగ్ తోయ్ గుహ దగ్గర కయాక్‌లు దించారు. అందరూ లైఫ్ జాకెట్ బిగించుకునేదాకా గైడు అమ్మాయి తాడు విప్పలేదు. ఉక్కగా ఉందని ఒకాయన సణిగినా వినలేదు. గుహలోకి వెళ్లాక ముందున్న తెడ్డు కూడా కనిపించదు. తల వంచుకుని, నీటి బొట్లు మెడ మీద పడుతుంటే మెల్లగా తోసుకుంటూ పోయాం. అవతల ఒక్కసారిగా వెలుగు. చుట్టూ నిలువు కొండగోడలు, నడుమ ఆకుపచ్చ మడుగు. ఎవరూ మాట్లాడలేదు. ఈ ఒక్క మడుగు కోసం మళ్లీ ఆ డబ్బు పెట్టమన్నా పెడతాను.

భోజనంలో వేపిన చేప, టోఫు, అన్నంతోపాటు వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర వడ్డించారు. మన చెరువుగట్ల మీద దొరికే తూటికూరే. శాకాహారులు ముందే చెబితే చేప బదులు టోఫు ఎక్కువ పెడతారు.

కాట్ బా లంగూర్ అనే కోతి ప్రపంచంలో ఈ దీవిలో తప్ప ఇంకెక్కడా లేదు. మిగిలినవి వంద లోపే. నాకు కనిపించలేదు. కనిపించింది థర్మాకోల్ ముక్కలు, రాళ్ల సందుల్లో తెల్లగా. పాత గూళ్ల కింద తేలేందుకు కట్టినవి విరిగి కొట్టుకొచ్చాయి. పడవవాళ్లు వలబుట్టతో కొన్ని ఏరారు, నేనూ చేయి కలిపాను.

గైడు అమ్మాయి జాకెట్ల పట్టుదల ఊరికే కాదు. 2025 జూలైలో హాలాంగ్‌లో ఉరుములతో వచ్చిన గాలివానకు ఒక పర్యాటక నౌక తిరగబడి ముప్పై మందికి పైగా చనిపోయారు. పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరులో జరిగిన పడవ ప్రమాదాన్ని మన గోదావరి మరిచిపోలేదు. హాలాంగ్ అయినా, పాపికొండలైనా, ఉక్కపోసినా, ఫొటో బాగా రాకపోయినా, జాకెట్ బిగించుకున్నాకే పడవ కదలనివ్వండి. గాలి ముదురుతోందని పడవవాళ్లు ప్రయాణం మానుకుంటే, డబ్బు పోయిందని వాళ్లతో గొడవ పడకండి.