వారంటు ఎక్కడుంది?

ఈ ఏడాది 'వారంటు' అన్న మాట ఇద్దరు ఆడవాళ్ళ నోట విన్నాను. ఇద్దరూ ఇబ్రహీంపట్నంలోనే ఉంటారు. ఒకరు లేని వారంటుకి భయపడ్డారు. ఇంకొకామె ఉన్న వారంటు కోసం మూడేళ్ళుగా ఎదురు చూస్తోంది. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకటే. ఆ కాగితం నిజంగా ఉందా, ఉంటే ఎక్కడుంది అన్నది తమంతట తాము తెలుసుకోగలగడం.

మొదటావిడ రిటైరైన తెలుగు టీచరు. ఒక్కరే ఉంటారు. ఓ మధ్యాహ్నం వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి కనిపించి, మీ ఆధార్ మీద ముంబైలో కేసుంది, వారంటు వచ్చింది, ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ పెట్టెయ్యొద్దు అన్నాడు. మూడు సింహాల గుర్తున్న కాగితం ఒకటి వాట్సాప్‌లో పంపాడు. ఆవిడ బ్యాంకు దాకా వెళ్ళి, ఎందుకో అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఇట్లా అరెస్టు చేస్తారా?" అని.

చెయ్యరు. 'డిజిటల్ అరెస్టు' అన్నది మన చట్టంలో లేనే లేదు. వారంటు రాతపూర్వకంగా ఉండాలి, జడ్జి సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. 1973 నాటి సి.ఆర్.పి.సి. 70వ సెక్షన్ చెప్పిన ఈ మాటే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 72వ సెక్షన్‌లోనూ ఉంది. అరెస్టు చేసే పోలీసు అందులో ఏముందో చెప్పాలి, అడిగితే చూపించాలి. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, పొద్దుగూకాక, తెల్లవారకముందు ఆడవాళ్ళని అరెస్టు చెయ్యకూడదు. ఫోన్‌లో డబ్బు పంపితే రద్దయ్యే వారంటు ఏ చట్టంలోనూ లేదు. ఇలాంటి ఫోన్లు వస్తే 1930 నంబరుకి చెప్పాలి. జీవితమంతా పిల్లలకి చదువు చెప్పిన మనిషి కూడా ఒక ముద్ర బొమ్మ చూసి వణికిపోయారంటే, మనలో ఎంతమందిమి అసలు వారంటు ఎలా ఉంటుందో చూశాం?

రెండో ఆమె ఒక హాస్టల్ వంటగదిలో పని చేస్తుంది. భర్త వదిలేసి వేరే జిల్లాలో ఉంటున్నాడు. కోర్టు మనోవర్తి ఇమ్మంది, అతను ఇవ్వలేదు. ఆమె మళ్ళీ పిటిషన్ వేసింది, వారంటు జారీ అయింది. అది అతనుండే ఊరి పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. అంతే. "కాయితం పోయిందంటరు మేడం. ఏడికి పోయిందో, ఎవలి దగ్గర ఉన్నదో ఎవ్వలు చెప్పరు" అంటుంది.

ఈ ఆలస్యం ఖరీదు ఆమెకి తెలుసు. మనోవర్తి బాకీ పడితే, బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోపు కోర్టుని అడగాలి. లేకపోతే ఆ బాకీకి వారంటు రాదు. అంటే పాత వారంటు ఏమైందో తెలియకపోయినా, కొత్త బాకీకి మళ్ళీ పిటిషన్ వేస్తూనే ఉండాలి.

ఒక ఆదివారం ఇద్దరం ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని, కక్షిదారు పేరు, సంవత్సరం ఇస్తే కేసు దొరకాలి. దొరకలేదు. 'లక్ష్మి'ని ఇంగ్లీషులో ఎక్స్‌తో రాసేవాళ్ళున్నారు, కె.ఎస్.హెచ్. అని రాసేవాళ్ళున్నారు. రెండూ ప్రయత్నించాం. చివరికి దొరికింది భర్త ఇంటిపేరుతో. తనని వదిలేసిన మనిషి ఇంటిపేరు పెట్టుకుంటే తప్ప ఆమె కేసులో ఆమె కనిపించలేదు. ఆడవాళ్ళ పేర్లు సాహిత్య చరిత్రలో ఎలా తప్పిపోతాయో పిహెచ్.డి. కోసం ఏళ్ళ తరబడి చదివాను. అది ఒక వెతుకుడు పెట్టె ముందు ఇంత మామూలుగా జరిగిపోతుందని అక్కడ చూశాను.

కేసు దొరికాక వాయిదాల తేదీలు, ఒక్కో వాయిదా ఎందుకో వరసగా కనిపించాయి. వారంటు అమలు కోసం, మళ్ళీ వారంటు అమలు కోసం. పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుని ఆమె తన నోటు పుస్తకంలో రాసుకుంది. అది ఉంటే ఇక పేరుతో పని లేదు.

అయితే అక్కడ కనిపించేది కేసు నడక. వారంటు కాగితం కాదు. కక్షిదారు కనక ఆమె కోర్టులో నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. బయటివాళ్ళయితే కారణం చెప్పి అనుమతి తీసుకోవాలి. కోర్టు రికార్డుల కోసం సమాచార హక్కు చట్టం కాదు, కోర్టు నియమాల దారినే రావాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసుల సంగతి వేరు. ఒక స్టేషన్‌కి ఏడాదిలో ఎన్ని వారంట్లు వచ్చాయి, ఎన్ని అమలయ్యాయి అని పది రూపాయల ఫీజుతో 2005 నాటి ఆ చట్టం కింద అడగొచ్చు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. లాయరు కోసం భయపడక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయ సహాయం అందాలి.

అమెరికాలో చాలా కౌంటీల్లో ఎవరి పేరు మీద వారంటుందో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. మనకి అలా అన్ని వారంట్లనీ పేరుతో వెతికే చోటు లేదు. ఉండాలా? నేను తటపటాయిస్తాను. ఒక వాయిదాకి రాలేకపోయినందుకే వారంటు పడిన ఆడమనిషి పేరు ఇంటి ఓనరు కంట పడితే ఏమవుతుందో మనకి తెలుసు. ఎఫ్.ఐ.ఆర్.లని 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టమని 2016లో ఆదేశించిన సుప్రీంకోర్టే లైంగిక నేరాల వంటి సున్నితమైన వాటిని మినహాయించింది. ఆ జాగ్రత్త మనకి అవసరం.

కానీ గోప్యత పేరుతో ఆమెకే కాగితం కనపడకుండా పోవడం వేరు. అంకెలు అందరికీ తెలియాలి. పేర్లు సంబంధించిన వాళ్ళకి తెలియాలి. వారంటు ఏ రోజు ఏ స్టేషన్‌కి చేరింది, తిరిగొస్తే ఏం రాసి తిప్పి పంపారు అన్నది, వేసిన మనిషికి అడక్కుండానే తెలుగులో అందాలి. ఆమె తన పేరుని తను రాసుకున్నట్టుగా వెతికినా దొరకాలి.

డబ్బు ఇంకా రాలేదు. ఆమె నకలు తీసుకుంది. వచ్చే వాయిదాకి లాయరుతో ఏం అడిగించాలో తనే రాసుకుని పెట్టుకుంది.