లోకోక్తులు - లోకజ్ఞానము

‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అని తెలుగువారి నానుడి. ఆమెత యనగా విందు. బంధువులు వచ్చి, విస్తళ్లు పఱచి, నలుగురు కూర్చుండి భుజింపని యిల్లు ఎట్లు వెలవెలబోవునో, సామెత తగులని సంభాషణము అట్లే చప్పగా నుండునని దీని భావము. సామెతకు కర్త యెవ్వరో తెలియదు. నాగలి పట్టిన రైతో, పడవ నడపిన సరంగో, తిరుగలి త్రిప్పిన ముత్తవ్వయో, ఎవరో ఒకరు తమ కష్టసుఖములనుండి ఒక వాక్యమును తీసిరి. విన్నవారికి అది తమ మాటయే యనిపించెను. అట్లు నోటినుండి నోటికి సాగి, అక్కఱలేని పదములు రాలిపోయి, ఏటిలో దొరలిన గులకరాయివలె నున్ననై అది నిలిచినది.

దేశములు వేఱైనను మానవుని పొరపాట్లు ఒక్కటియే. ఆపద వచ్చువఱకు మేలుకొనని వానిని చూచి తెలుగువారు ‘ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వినట్లు’ అందురు. చీనావారు ‘దప్పి గొన్నపుడు బావి త్రవ్వుట’ అందురు. జపానువారు ‘దొంగను పట్టుకొనిన పిమ్మట త్రాడు పేనుట’ అని నవ్వుదురు. ఆంగ్లేయులు ‘గుఱ్ఱము పారిపోయిన పిదప సాల తలుపు మూయుట’ అందురు. పూరిండ్ల పల్లెలో నిప్పునకు వెఱచినవారు నిప్పును, గుఱ్ఱముతో సేద్యము చేసినవారు గుఱ్ఱమును ఉపమానముగా గైకొనిరి. తనకున్నదానితో తృప్తిపడని వానినిగూర్చి తెలుగువారు ‘పొరుగింటి పుల్లకూర రుచి’ అనగా, జపానువారు ‘పొరుగువాని పూవు ఎఱుపు’ అనిరి. ఒకరికి వంటయిల్లు, మఱియొకరికి పెరటితోట గుర్తుకు వచ్చినది. మనస్సు మాత్రము ఒక్కటే. పరదేశపు సామెతను విని అర్థము చేసికొనినవాడు ఆ దేశపు ఇండ్లను, పొలములను కొంత చూచినవాడే యగును.

ఇట్టి సంపద చెదరిపోకుండ కాపాడుటకు పెక్కుమంది పాటుపడిరి. హాలెండు దేశీయుడగు ఎరాస్మస్ పండితుడు గ్రీకు, లాటిను భాషలలోని లోకోక్తులను సేకరించి 1500లో పారిస్ నగరమున ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అందు 800కు పైగా లోకోక్తులు ఉండెను. ఆయన అంతటితో తృప్తి చెందలేదు. 1508లో వెనిస్ నగరమున వెలువడిన కూర్పులో వాని సంఖ్య 3,000 దాటినది. ఆయన మరణించిన 1536 నాటికి 4,000 మించినది. పీటర్ బ్రూగెల్ అను చిత్రకారుడు 1559లో సామెతలనే ఒక పల్లె దృశ్యముగా చిత్రించెను. అందొకడు ఇటుకగోడకు తల కొట్టుకొనుచున్నాడు. ఒకడు పందుల ముందు గులాబీలు చల్లుచున్నాడు. వేఱొకడు దూడ మునిగి చచ్చిన తరువాత గుంట పూడ్చుచున్నాడు. నూఱింటికి పైగా సామెతలు ఆ యొక్క పటమున కలవు. దానిని నేటికిని బెర్లిన్ నగరపు చిత్రశాలలో చూడవచ్చును. తెలుగు సామెతలకును ఇట్టి సేవ జరిగినది. కార్ అను ఆంగ్ల సైనికోద్యోగి వానిని ప్రోగుచేసి, ఆంగ్లానువాదముతో ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ యను పేర 1868లో మద్రాసున ప్రకటించెను.

అయితే సామెతలను పెక్కింటిని కంఠస్థము చేసినంత మాత్రమున ఎవ్వడును వివేకి కాజాలడు. ఏలయన, సామెతలలో సామెతలకే పొత్తు కుదరదు. జపానుదేశమున క్యోటో నగరమునకు తూర్పున బివా యను పెద్ద సరస్సు కలదు. పూర్వము తూర్పునుండి వచ్చు బాటసారులు యబసె రేవున పడవ యెక్కినచో దారి దగ్గఱ. కాని హియే పర్వతమునుండి వీచు గాలికి పడవలు తఱచు చిక్కుపడెడివి. దక్షిణముగా చుట్టు తిరిగి సెతా వంతెన దాటినవానికి నడక యెక్కువైనను, చేరుట నిశ్చయము. ‘త్వరగా పోవలెనన్న చుట్టుదారి పట్టుము’ అను జపాను సామెతకు ఈ దారియే మూలమని చెప్పుదురు. ఆ జపానువారే ‘మంచిపనికి త్వరపడుము’ అనియు అందురు. తెలుగునాటను అంతే. ‘నిదానమే ప్రధానము’ అన్న నోటితోనే పెద్దలు ‘శుభస్య శీఘ్రం’ అందురు. ‘ఆలస్యం అమృతం విషం’ అనియు హెచ్చరింతురు.

వీనిలో ఏది నిజము? సమయమును బట్టి రెండును నిజమే. గడ్డివాము అంటుకొనినపుడు నిదానమును పొగడుచు కూర్చున్నవాడు ఊరికి కీడు చేయును. ప్రశ్నను తుదివఱకు చదువకయే సమాధానము వ్రాయ మొదలిడిన విద్యార్థికి తొందరయే విషము. ఒక్క సామెతనే ఇరువురు రెండు విధముల గ్రహించుటయు కలదు. ‘దొరలు రాయికి నాచు పట్టదు’ అను లోకోక్తి ఎరాస్మస్ గ్రంథమున కలదు. నిలుకడ లేనివాడు ఏమియు కూడబెట్టలేడని పూర్వులు దానికి అర్థము చెప్పిరి. కదలుచుండువాని బుద్ధికి త్రుప్పు పట్టదని తరువాతివారిలో పలువురు దానినే మెచ్చుకోలుగా వాడిరి. కావున సామెత సలహా చెప్పును గాని, తీర్పు చెప్పదు. తీర్పు చెప్పవలసినది వినువాని వివేకమే.

మఱికొన్ని సామెతలను విడిచిపెట్టుటయే తగును. ‘తిరిగి ఆడది చెడును, తిరుగక మగవాడు చెడును’ అను మాట తెలుగునాట చిరకాలము చెల్లినది. పై చదువునకు పంపుమని కోరిన బాలిక నోరు మూయించుటకు ఈ యొక్క వాక్యము చాలెడిది. దానికి యుక్తి యేమని అడిగినవారు లేరు. అది పాతది, చెవికి ఇంపైనది, పదిమంది పలుకునది. ఆ మూడు గుణములను చూచి జనులు దానిని సత్యమని నమ్మిరి. ఒక కులమును కించపఱచునట్టివియు, అంగవైకల్యము గలవారిని ఎత్తిపొడుచునట్టివియు నగు సామెతలు కూడ ఇట్టివే. చెప్పినవాడు నవ్వి మఱచిపోవును. విన్నవానికి ఆ రాత్రి నిద్ర పట్టదు. అనుభవమునుండి పుట్టిన మాటను గౌరవింపవలెను. దురభిమానమునుండి పుట్టిన మాట ఎంత పాతదైనను పరిహరింపవలెను.

సామెత విలువను ఆఫ్రికాఖండమున నొక జాతి చక్కగా గుర్తించినది. నేడు ఘనా యనబడు దేశమున ఆకాను జాతివారు పూర్వము బంగారు పొడిని నాణెములకు బదులుగా వాడెడివారు. దానిని తూచుటకు ఇత్తడితో చిన్న చిన్న తూనికగుండ్లను పోతపోసి, వానిలో పెక్కింటికి సామెతల రూపము నిచ్చిరి. ఒకటి మెడ వెనుకకు త్రిప్పిన పక్షి. ‘మఱచినదానికై వెనుకకు మరలుట తప్పు కాదు’ అని దాని బోధ. ఒకే పొట్టగల రెండు మొసళ్లు మఱియొక బొమ్మ. ఏ నోట తిన్నను ఒక్క కడుపునకే చేరునని యెఱుగక అవి తిండికై పోరాడుచుండును. బేరమాడు చేతిలో బంగారముతోపాటు బుద్ధిమాటయు నుండెడిది.

ఆ జాతి రాజుల కొలువున రాజు పలుకులను సభకు వినిపించు వాక్చతురుడొకడుండును. వాని చేతికఱ్ఱ కొనపై బంగారురేకు తొడిగిన కొయ్యబొమ్మ యుండును. అట్టి బొమ్మలలో గ్రుడ్డును పట్టుకొనిన చేయి ఒకటి. అధికారము గ్రుడ్డువంటిది; బిగించి పట్టినచో పగులును, సడలించినచో జాఱిపడును అని దాని యర్థము. సామెతకును ఈ మాట చెల్లును. దానిని బిగించి పట్టి ఎదుటివాని నోరు మూయించువాడు దానిని పగులగొట్టును. పాతదని చులకనగా విడుచువాడు జాఱవిడుచుకొనును. తాతముత్తాతల అనుభవము చెడక మనుమల చేతికి అందవలెనన్నచో, పట్టుకొను చేతికి గౌరవమును, వివేకమును రెండును ఉండవలెను.