పసుల పోలిగాడి మోసం

జూన్‌లో బయల్దేరాను. ఒంగోల్లో బస్సెక్కిస్తూ అమ్మ అంది: "ముంగిసల్ని చూడ్డానికి అంత దూరం పోవాలా? మన మిరప కళ్లం దగ్గర తిరిగేవి ఏం పాపం చేశాయే?"

అమ్మ మాటలో తప్పేం లేదు. నేను చూడబోతున్న మీర్‌కాట్ పేరు చివర పిల్లి ఉన్నా, అది పుట్టింది ముంగిసల కుటుంబంలోనే.

జొహానెస్‌బర్గ్ నుంచి చిన్న విమానంలో అపింగ్టన్‌, అక్కణ్ణుంచి జీపు. దక్షిణాఫ్రికా ఉత్తరపు అంచున, బోట్స్‌వానా సరిహద్దు వైపు వెళ్లేకొద్దీ కలహారి ఎర్ర ఇసుక దిబ్బలు మొదలయ్యాయి. ముళ్లతుమ్మల మీద, కరెంటు స్తంభాల మీద గడ్డివాముల్లాంటి గూళ్లు. పిచ్చుకలంత పక్షులు కలిసికట్టుగా కట్టుకున్న అపార్ట్‌మెంట్లవి. వాన్‌జైల్స్‌రస్ అనే చిన్న ఊరు దాటాక "ఇదే కురుమన్ నది" అన్నారు. చూస్తే ఇసుకే. వేసవి గుండ్లకమ్మను చూసి పెరిగినదాన్ని, వింతేమీ అనిపించలేదు.

కేంబ్రిడ్జి శాస్త్రవేత్త టిమ్ క్లటన్-బ్రాక్ 1993లో ఇక్కడ మీర్‌కాట్ల అధ్యయనం మొదలుపెట్టారు. అప్పటినుంచి తరం తర్వాత తరం, ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు గుంపు నుంచి వెళ్లగొట్టబడ్డారో రాసి ఉంచిన వంశవృక్షం ఇది. అందులో కొన్ని వరసలు రాయడమే నా ఉద్యోగం.

కలహారిలో జూన్ అంటే నడి చలికాలం. చీకటితోనే లేచి, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని కలుగు దగ్గర కూర్చోవాలి. సూర్యుడు పైకొచ్చాక ఒక్కొక్కటే బయటికొచ్చి, రెండు కాళ్ల మీద నిలబడి, పల్చటి బొచ్చున్న పొట్టను ఎండకు చూపిస్తాయి. మేతకు కదిలేలోపు తూకం వెయ్యాలి. ఉడకబెట్టిన గుడ్డు పొడి కాస్త చూపిస్తే ఎలక్ట్రానిక్ త్రాసు మీదికి ఎక్కుతాయి. పెద్దది కూడా మామూలుగా కిలో తూగదు. గుర్తుకోసం ఒంటిమీద జుట్టురంగు చుక్కలు పెడతారు: ఒకదానికి భుజం మీద, ఇంకోదానికి తోక మొదట్లో. మొదటి వారం భుజం చుక్కదాని బరువు తోక చుక్కదాని పేరున రాసి చీవాట్లు తిన్నాను.

"వాటిని మచ్చిక చేసుకోవాలనుకోకు. నువ్వు అక్కడ లేనట్టే అవి బతకాలి," అంది పని నేర్పే అమ్మాయి. పెంపుడు మేకల మధ్య పెరిగిన నాకు అదే కష్టమైంది.

వానలు పడి పిల్లలు పుట్టాక అసలు బడి చూశాను. పసికూనలకు పెద్దవి చచ్చిన తేలును అందిస్తాయి. కాస్త ఎదిగాక కొండి పీకేసిన బతికున్న తేలును, చివరికి కొండితో సహా. పిల్ల జారవిడిస్తే ముక్కుతో మళ్లీ దాని ముందుకు నెడతాయి.

ఒకరోజు అలాంటి తేలు కోసం అయిదు మీర్‌కాట్లు ఇసుక తవ్వుతున్నాయి. చెట్టు మీంచి హెచ్చరిక అరుపు. అన్నీ కలుగుల్లోకి దూకాయి. నేనూ తల ఎత్తి ఆకాశం వెతికాను. గద్ద లేదు. కొమ్మ మీంచి నల్లటి పిట్ట దిగి, వదిలేసిన తేలును ఎత్తుకుపోయింది. మా చేలల్లో గేదెల వీపులెక్కే పసుల పోలిగాడికి దగ్గరి బంధువది, పేరు డ్రోంగో. ఇక్కడి డ్రోంగో ఇతర జీవుల హెచ్చరిక కూతల్ని అనుకరించి మేత కాజేస్తుందని టామ్ ఫ్లవర్ అనే పరిశోధకుడు ఈ నేల మీదే నిరూపించారు. ఆ సంగతి చదివే వచ్చాను. అయినా మోసపోయాను.

వచ్చిన కొత్తలో ఆ అరుపు నా చెవికి ఉత్త పిట్టకూతే అయ్యేది.

ఆ పూట పట్టికలో ఇలా రాశాను: డ్రోంగో, దొంగ హెచ్చరిక, పారిపోయినవి అయిదు. ఆరోదాన్ని రాయడానికి గడి లేదు.