గొంతు దొరికాక గొట్టం కోయాలి

పాటలున్న నాటకం ఒకటి సొంతంగా రాసి వేద్దామని మా బి.ఎస్సీ. వాళ్ళం అనుకున్నప్పుడు ముందుగా నవ్వింది మా తరగతివాళ్ళే. ఆర్ట్సు వాళ్ళు నాటకం వేస్తారు, సైన్సు వాళ్ళు కర్టెను లాగుతారు. మన కాలేజీలో శ్రమ విభజన అలా జరిగిపోయింది. కర్టెను కూడా లేనిచోట వేయబోతున్నామని తెలిశాక ఆర్ట్సు వాళ్ళూ నవ్వారు.

మేము వెళ్ళదలచింది హైదరాబాదులో జరిగే ఒక చిన్న నాటకోత్సవానికి. అక్కడ ఎంపిక సంఘం లేదు, బహుమతులు లేవు, శాలువాలు అసలే లేవు. రుసుము కట్టినవాళ్ళకు యాభై నిమిషాలు ఇస్తారు. సామాను పెట్టుకోవడమూ తీసేయడమూ ఆ యాభైలోనే. ఇలాంటివాటిని ఫ్రింజ్ అంటారు, అంటే అంచు. ఫోనులో మా అమ్మకు చెబితే "చీర అంచుల పోటీనా?" అంది. 1947లో ఎడింబరోలో మొదటి అంతర్జాతీయ ఉత్సవం జరిగినప్పుడు పిలుపు లేని ఎనిమిది బృందాలు తమంతట తామే వెళ్ళి, దొరికిన చోట ఆడేశాయి. పిలవని పేరంటంగా మొదలైంది ఇప్పుడు అసలు పేరంటం కంటే పెద్దదయింది. 2017లో అక్కడే కేంబ్రిడ్జి విద్యార్థులు ఎనిమిదో హెన్రీ రాజుగారి ఆరుగురు భార్యల మీద 'సిక్స్' అనే సంగీత నాటకం ఆడారు. రాసిన టోబీ మార్లో, లూసీ మాస్ అప్పుడు చివరి సంవత్సరం చదువుతున్నారు. అదే నాటకం 2021లో బ్రాడ్వేకి వెళ్ళి, 2022లో సంగీతానికి టోనీ అవార్డు తెచ్చుకుంది. ఈ సంగతి చెప్పి మా వాళ్ళను ఊరించాను గాని, మాకు కావలసింది బ్రాడ్వే కాదు, హైదరాబాదుకు పోను రాను బస్సు చార్జీలు.

పాటల నాటకం మన దేశానికి కొత్త కాదు. మాకు పక్కనే ఉన్న బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పద్యాలను రాగయుక్తంగా పాడే నాటకాలు వేయించి నూరేళ్ళు దాటి చాలాకాలమైంది. అయితే పద్యనాటకంలో పాత్రధారిని వెతకడం ఒక తీరు. హరిశ్చంద్రుడు ఎలా ఉండాలో, ఏ పద్యం ఎక్కడ ఎంతసేపు లాగాలో వేసేవాడికీ తెలుసు, చూసే ముసలమ్మకూ తెలుసు. ఆ అచ్చులో ఇమిడే గొంతు దొరికితే చాలు. కొత్తగా రాసుకున్న నాటకానికి ఆ వసతి లేదు. ఆ పాట అంతకుముందు ఎవరూ పాడలేదు. అది ఎలా ఉండాలో రాసిన నాకే తెలియదు.

మా కథ బోరు. ఒక రైతు కుటుంబం మరో బోరు వేయించే రాత్రి. తండ్రి, తల్లి, కూతురు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూపించే ఆయన, తిరుచెంగోడు నుంచి రిగ్గు బండి వేసుకొచ్చిన డ్రిల్లరు. అంతే మనుషులు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో ఈ కథ ఎవరింట్లో జరగలేదని? మా ఇంట్లోనూ జరిగింది. అయిదు బోర్లు వేస్తే నీళ్ళిస్తున్నది ఒకటి. ఇంటి సంగతి స్టేజీ మీద పెట్టవచ్చునా అని సెలవులకు పోయినప్పుడు మా నాయనను అడిగాను. ఎద్దులకు మేత వేస్తూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పేర్లు మార్చు. అడుగులు మార్చొద్దు" అన్నాడు.

ఆ అడుగులే మా సంగీతమయ్యాయి. ఇంటర్లో రెజొనెన్స్ ప్రయోగం చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గొట్టంలో నీళ్ళు కిందికి దిగేకొద్దీ గాలి స్తంభం పొడవై స్వరం కిందికి పోతుంది. నీళ్ళు పైకి వస్తే స్వరమూ పైకి వస్తుంది. కొళాయి కింద బిందె నిండే చప్పుడు వినే ఆడవాళ్ళకు ప్రయోగశాల అక్కర్లేదు, చూడకుండానే వచ్చి కొళాయి కట్టేస్తారు. నీళ్ళెంత లోతుకు పోయాయో పాటలో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పి.వి.సి. గొట్టాలు కోసి, ఒక కొన మూసి, రెండో కొన మీద కొడదామనుకున్నాం. రిగ్గు వంద అడుగులు దిగినప్పుడల్లా ఇంకొంచెం పొడుగు గొట్టం మోగాలి. రాగం మోహన. అప్పుల కథకు మోహనేమిటని ఒకరిద్దరు అడిగారు. ఆరు గొట్టాలతో పని అయిపోతుందని మా ఫిజిక్సు మిత్రుడి జవాబు.

నోటీసు బోర్డులో కాగితం పెడితే ఇరవై ముగ్గురు వచ్చారు. సగం మంది సినిమా పాట పాడి, పాత్ర ఏమిటో అడక్కుండానే వెళ్ళిపోయారు. ఇద్దరు మిమిక్రీ చేశారు. తండ్రి పాత్రకు వచ్చినవాళ్ళలో ఒకతను చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకున్నవాడు. గొంతు విప్పితే గదిలో ఫ్యాను చప్పుడు వినిపించలేదు. కాని రైతును చెయ్యమనేసరికి తువ్వాలు నెత్తిన వేసుకుని, నడుము వంచి, చేతులు వణికించి, ఆకాశం వైపు చూసి "దేవుడా!" అన్నాడు. నాటకాల్లో, సినిమాల్లో రైతు అంటే ఇంతే. నేను చూసిన రైతులు ఇలా లేరు. రిగ్గు వచ్చిన రోజు మా నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. పదిమందీ వచ్చే రోజది, పెళ్ళిలాంటిది. బోరు నోట్లోంచి ఎగిరే పిండిని గుప్పిట పట్టి, వేళ్ళ మధ్య రుద్ది తడి ఉందేమో చూస్తాడు. లేకపోతే చెయ్యి దులుపుకొని మళ్ళీ పడతాడు. వణకడానికి తీరిక ఎక్కడ?

ఈ పని చేసి చూపించమంటే సరిగ్గా చేసింది ఒక్కడే. ఫైనలియర్ కెమిస్ట్రీ అబ్బాయి, మడకశిర వైపు వాడు. పిండి పట్టాడు, చూశాడు, దులిపాడు. మేమంతా వాడి వేళ్ళవైపే చూస్తున్నాం. అప్పుడు పాడమన్నాం. పాడాడు. ఆ మాట అంతటితో వదిలేద్దాం.

రెండు రోజులు కొట్లాడుకున్నాం. పాటల నాటకంలో తండ్రికి పాట రాకపోతే ఎలా అని సగం మంది, తండ్రిలా లేనివాడి పాట ఎందుకని సగం మంది. చివరికి దారి చూపింది బుర్రకథ. బుర్రకథలో కథకుడు ఒకడే మొత్తం మొయ్యడు గదా. పక్కన ఇద్దరు వంతలుంటారు, అందుకుంటారు, ఆపుతారు, ఎదురడుగుతారు. మా తండ్రి మాట్లాడతాడు, పిండి పడతాడు. లోపలి మాట వంత పాడతాడు. సంగీతం వచ్చిన అబ్బాయిని వంతగా ఉండమంటే మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు తనే వచ్చి, "వంతకు ఇస్త్రీ చొక్కా ఉంటుందా?" అని అడిగాడు. లేదన్నాం. అయినా ఉన్నాడు.

తల్లి పాత్ర అంతకంటే కష్టమైంది. మొదట దొరికిన అమ్మాయిది చక్కని గొంతు, అయిదున్నర శ్రుతి. ఆమె శ్రుతికే గొట్టాలు కోశాం. హార్మోనియం అయితే మెట్టు మార్చుకోవచ్చు, గొట్టానికి ఆ వీలు లేదు, కోసిన పొడవే దాని శ్రుతి. ముప్పయి రెండు డిగ్రీల ఎండలో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లు. దాన్ని స్వరం పౌనఃపున్యానికి నాలుగు రెట్లతో భాగిస్తే గొట్టం పొడవు. షడ్జమానికి 42 సెంటీమీటర్లు వచ్చింది. మూతి దగ్గర గాలి కాస్త బయటికి కూడా ఊగుతుంది కాబట్టి, వ్యాసార్థంలో 0.6 వంతు తగ్గించి కోయాలి. రంపంతో ఆరూ కోసి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, మూతలు బిగించి, పెన్సిలుతో పేర్లు రాశాక వారం తిరక్కుండా ఆ అమ్మాయి ఇంటినుంచి కబురొచ్చింది. ఆడపిల్ల పరాయి ఊళ్ళో స్టేజీ ఎక్కడానికి వీల్లేదన్నారు. సంబంధం మాట్లాడుతున్నారట. మేము ముగ్గురం వెళ్ళి వాళ్ళ పెదనాన్నగారితో మాట్లాడాం. కాఫీ ఇచ్చారు, చాలా మర్యాదగా పంపించేశారు.

అప్పుడొక మిత్రుడు తల్లి వేషం అబ్బాయి చేత వేయిద్దామన్నాడు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసి మెప్పించలేదా, 1956లో పద్మశ్రీ రాలేదా అని వాదించాడు. నిజమే. కాని బళ్ళారి రాఘవ గారు ఆ కాలంలోనే స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన మనిషి. 1946లో ఆయన పోయిన ఇన్నేళ్ళకు, అదే సీమలో, సగం మంది అమ్మాయిలే ఉన్న తరగతి నుంచి వెళ్ళి మీసం గొరిగిన తల్లిని చూపించడానికి నాకు మనసొప్పలేదు.

రెండో అమ్మాయి నిజానికి పరీక్షకు రాలేదు. స్నేహితురాలికి తోడుగా వచ్చి వెనక బెంచీలో రికార్డు రాసుకుంటోంది. కూతురు పాత్ర పాట మేము తప్పుగా అందుకుంటే తల ఎత్తకుండానే సరిచేసింది. గొంతు నాలుగు శ్రుతి. ఆడపిల్లలకు అంత కింది గొంతు అరుదు. పాడనని మొండికేసింది. తనది మగ గొంతని బళ్ళో ఎవరో వెక్కిరించారట, అప్పటినుంచీ ప్రార్థనలో కూడా పెదాలు కదిపి ఊరుకునేదట. వాళ్ళ అమ్మకు ఫోను చేస్తే, "పోతే పోనీ, సోమవారం ప్రాక్టికల్సుకు వచ్చేయాల" అన్నదొక్కటే షరతు.

నాలుగు శ్రుతికి షడ్జమం గొట్టం 50 సెంటీమీటర్లు కావాలి. పి.వి.సి. కోయడం తేలిక, పెంచడం కష్టం. కొత్త పైపుకు డబ్బుల్లేవు. మా ఫిజిక్సు మిత్రుడు రాత్రి మెస్సులో కంచం పక్కన కాగితం పెట్టుకుని లెక్క తేల్చాడు. పాత షడ్జమం 42ను 40కి కోస్తే కొత్త గాంధారం. పాత రిషభాన్ని తగ్గిస్తే కొత్త పంచమం, పాత గాంధారాన్ని తగ్గిస్తే ధైవతం. పాత ధైవతం ఇంచుమించు అలాగే పై షడ్జమం. కింది రెండే కొత్తవి కొనాలి. మెస్సు అన్నం చల్లారిపోయింది గాని, ఈ కాలేజీలో నేను చూసిన ముచ్చటైన లెక్క అదే.

ఇక పాట సంగతి. ఆఖరి పాటను నేను ఏడుపు పాటగా రాశాను. మొదటి అమ్మాయి పాడితే మాకందరికీ కళ్ళు చెమర్చేవి. ఈ అమ్మాయి మూడో రిహార్సల్లో మధ్యలో ఆపేసి, "ఈమె ఇంత ఏడిస్తే రిగ్గువాడికి లెక్క ఎవరు చెబుతారు?" అంది. మా ఇంట్లో లెక్క చెప్పేది అమ్మే. కొంగు ముడిలో ఎంత ఉంది, అడుగుకు ఎంత, కేసింగు పైపుకు ఎంత పోయింది అంతా ఆమె నోటనే ఉంటుంది. ఆ రాత్రి పాటంతా కొట్టేసి అంకెలతో రాశాను. కింది శ్రుతిలో, తొందర లేకుండా, ఆమె అంకెలు పాడుతుంటే కళ్ళు చెమర్చలేదు. ఎవరూ కదల్లేదు. డ్రిల్లరు "ఇంకా దిగాలా?" అని అడుగుతాడు. తండ్రి తల్లి వైపు చూస్తాడు. "ఇంకో నలభై అడుగులు" అంటుంది. నాటకం అక్కడ ఆపేశాం. నీళ్ళు పడ్డాయో లేదో చెప్పాలని మా వాళ్ళలో కొందరు చివరిదాకా పట్టుబట్టారు. ఇప్పటికీ పడుతున్నారు.

హార్మోనియానికి పద్యనాటకాల్లో వాయించిన పెద్దాయన ఒకరు దయతో వచ్చారు. గొట్టాలను హవాయి చెప్పు అట్టతో కొట్టడం చూసి పెట్టె మూసేశారు. "వాయిద్యాన్ని చెప్పుతో కొడతారా అప్పా! సరస్వతి కాదా?" అన్నారు. కాలు పెట్టని కొత్త చెప్పులు సార్ అని రశీదు చూపించాం. రబ్బరు అయితేనే మూతి గట్టిగా మూసుకుని గాలి ఒక్కసారిగా కదులుతుందని చెప్పాం. ఆలోచించి, చెప్పుల వారు కోయించి చదరంగా చేయించారు. చదరపు రబ్బరు చెప్పు కాదట!

హైదరాబాదులో ఆ పెద్దాయన చెవే మమ్మల్ని కాపాడింది. హాలులో ఏ.సి. ఇరవై రెండు డిగ్రీలు. చల్లగాలిలో ధ్వని వేగం తగ్గి గొట్టాలు అరస్వరంలో మూడోవంతు కిందికి జారాయి. హార్మోనియం రీడులు గాలి స్తంభాలు కావు, అవి జారలేదు. రెండూ కలిపితే పంటి కింద రాయి. "ఈ పాటకు నేను వాయించను, మీ గొట్టాలే చాలు" అని ఆయన చేతులు ముడుచుకు కూర్చున్నారు. అరవై కుర్చీల్లో ముప్పయి చిల్లర మంది ఉన్నారు. యాభై నిమిషాల్లో ముగించి, నలభై తొమ్మిదో నిమిషానికే గొట్టాలు సంచిలో వేసుకుని బయటపడ్డాం. బయట ఒక రిటైర్డు ఇంజనీరుగారు నీళ్ళు పడ్డాయా అని అడిగారు. తల్లి వేషం అమ్మాయి "ఇంకా దిగుతాంది సార్" అంది.

వెళ్ళేముందు మన సెమినారు హాల్లో ఒకసారి ఆడితే మా నాయన వచ్చి చూశాడు. అడుగులు సరిపోయాయన్నాడు. తండ్రి వేసిన అబ్బాయిది ఏ ఊరని అడిగి, పేరు రెండుసార్లు పలికించుకున్నాడు.

గొట్టాలు యూనియన్ గదిలో బీరువా వెనక గోతాంలో ఉన్నాయి. ఆరూ నాలుగు శ్రుతివి, మిగిలిపోయిన రెండు పొట్టివి విడిగా కట్టాం, రబ్బరు ముక్కలూ అందులోనే. వచ్చే ఏడు వేసేవాళ్ళు వాడుకోవచ్చు. పై గొంతువాళ్ళు దొరికితే కోసుకోండి. ఇంకా కింది గొంతు దొరికితే మాత్రం పొడుగు గొట్టం కొనాలి. హార్డువేరు షాపాయన ముక్క కోసి ఇవ్వడు, పైపు మొత్తం కొనమంటాడు.