బిడ్డను ఎవరి చేతికి ఇస్తున్నాం?

మిరప కోతలు మొదలయ్యాయి. తెల్లారకముందే ఆటో ఎక్కే తల్లులను "బిడ్డను ఎక్కడ వదిలావమ్మా?" అని అడిగితే, "పక్కింటి పిన్ని దగ్గరండి, మంచిదే" అంటారు.

మా పాపకు ఏడాదిన్నర ఉన్నప్పుడు మేమిద్దరం పనికి వెళ్లక తప్పలేదు. చెప్పకుండా మధ్యాహ్నం పూట రెండిళ్లకు వెళ్లి చూశాం. పెద్ద డాబా ఇంట్లో నీళ్ల తొట్టికి మూత లేదు. రేకుల ఇంట్లో బిందెల మీద కూడా మూతలున్నాయి. ఆ పెద్దమ్మ, "మీరిద్దరు తప్ప ఎవరొచ్చి అడిగినా పాపను పంపనండి" అంది. ఆమె దగ్గరే వదిలాం.

మంచిదనం ఒక్కటే చాలదు. ఆ ఇంట్లో ఇంకెవరుంటారు, ఎవరు వచ్చిపోతారు, పురుగుమందు ఎక్కడ పెడతారు, అన్నీ అడగండి. మొహమాటపడకండి. రోజూ వెళ్లే బిడ్డ ఒక్కసారిగా వెళ్లనని ఏడిస్తే మారాం అని కొట్టకండి, దగ్గరకు తీసుకుని వినండి. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీకి పంపవచ్చు. బిడ్డకు హాని జరుగుతోందని అనుమానం వస్తే పరువు గురించి ఆలోచించకుండా 1098కి ఫోన్ చేయండి.

మోషేను జమ్ముపెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున వదిలినప్పుడు, అక్క దూరంగా నిలబడి చూస్తూనే ఉంది. ప్రార్థన చేసి వదిలిన బిడ్డ మీదైనా మన కన్ను ఉండాల్సిందే.